జాలకం నుంచి లూవర్ గణన దాకా: వరంగల్లులో గాలిదారుల చరిత్ర

కట్టడంలోకి గాలి వెలుతురులు ప్రసరించడానికి రాతిని తొలిచే విద్య కాకతీయుల కాలం నాటికే వరంగల్లు ప్రాంతంలో పరిణతి పొందింది. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో నిర్మింపజేసిన వేయిస్తంభాల గుడి, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి ఇందుకు నిదర్శనాలు. వీటి అంతరాళ ద్వారాలకు ఇరువైపులా ఉన్న రాతి జాలకాలను శిల్పసౌందర్యం దృష్టితో వర్ణించినవారే ఎక్కువ. అయితే జాలకంలో కంటికి కనిపించేది చట్రం మొత్తం కాగా, గాలికి దక్కేది చిల్లుల వైశాల్యం మాత్రమే. నేటి లూవర్ల ఎంపికలోనూ చిక్కంతా ఈ తేడాలోనే ఉన్నది.

లూవరు అంటే చట్రంలో వాలుగా అమర్చిన పలకల వరుస. పలకల వాలు పెంచి, వాటిని దగ్గరగా చేర్చిన కొద్దీ వానజల్లు ఆగుతుంది. గాలి దారి కూడా ఇరుకవుతుంది. అందువల్ల సాధారణ లూవర్లలో గాలికి మిగిలే వైశాల్యం చట్రంలో 35 నుంచి 60 శాతం వరకే ఉంటుంది. ఉదాహరణకు ఒక షెడ్డుకు సెకనుకు 20 ఘనమీటర్ల గాలి అవసరమనీ, సందులలో దాని వేగం సెకనుకు 2 మీటర్లనీ అనుకుంటే, 10 చదరపు మీటర్ల నికర వైశాల్యం కావాలి. 50 శాతం లూవరైతే గోడలో 20 చదరపు మీటర్లు కేటాయించాలి. చట్రం కొలతనే నికర వైశాల్యంగా భావించిన రూపశిల్పి సగం గాలితోనే భవనాన్ని అప్పగించినట్లు.

కంప్యూటర్లు రాకముందు ఈ లెక్క ఒక్క పంక్తిలో ముగిసేది. సహజ వాయుప్రసరణపై 1977 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 3362 ప్రకారం, గాలి పరిమాణం ఒక గుణకం, ద్వారవైశాల్యం, గాలివేగాల లబ్ధం. గాలి ద్వారానికి లంబంగా వీస్తే గుణకం 0.6, ఏటవాలుగా వీస్తే 0.3. ఇది మొరటు లెక్కే. కానీ ఏ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేసినవాడికి తెలిసి ఉండేది.

1981లో బ్రయన్ స్పాల్డింగ్ బృందం విడుదల చేసిన ఫీనిక్స్ అనే ప్రోగ్రాము ప్రవాహగణనను వాణిజ్యస్థాయికి తెచ్చింది. 2001లో అమెరికా ఇంధనశాఖ వెలువరించిన ఎనర్జీప్లస్ సంవత్సరంలోని ప్రతి గంటకూ భవనస్థితిని లెక్కగట్టింది. నేడు తయారీదారుల సాఫ్ట్‌వేర్ కావలసిన గాలి, అనుమతించదగిన పీడననష్టం, వాన తీవ్రత అడిగి తగిన నమూనాను క్షణాలలో సూచిస్తుంది. అయితే వాతావరణ దత్తాంశంలోని గాలివేగాన్ని ఆరుబయట 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు. వరంగల్లు ఇరుకు వీధులలోని కిటికీ వద్ద ఆ వేగం ఉండదు. ఈ సవరణ చేయకుండా వచ్చిన ఫలితం ఎన్ని దశాంశస్థానాలతో కనిపించినా నమ్మదగినది కాదు.

జిల్లాలో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వంటి చోట్ల ఈ లెక్కకు ఇంకొక చిక్కు ఉన్నది. కర్మాగారాల చట్టం, 1948లోని 13వ సెక్షన్ పనిచోట తగిన గాలి ప్రసరణ ఉండాలని నిర్దేశించేది. కానీ మగ్గంపై నూలుపోగు తెగకుండా ఉండాలంటే గాలిలో తేమ నిలవాలి. కుట్టుశాలకు అట్టి నియమం లేదు. నేతశాలకూ కుట్టుశాలకూ ఒకే లూవరును ఎంపిక చేయడం పొరపాటు.

నివాసగృహాలకై 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత తెరువగల కిటికీల వైశాల్యాన్ని నేల వైశాల్యంలో శాతంగా నిర్ణయించింది: మిశ్రమ వాతావరణానికి 12.5, ఉష్ణార్ద్ర వాతావరణానికి 16.66. జారుడు తలుపుల కిటికీలో సగమే తెరుచుకుంటుందని కూడా అది లెక్కలోకి తీసుకొంటుంది. వైశాల్యం గడిలో చట్రం కొలతను నింపినా సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. లెక్కను పూర్తిచేసి, నమూనా పేరుతో సహా ముద్రించి ఇస్తుంది.