పెరటి కోడి – దాని రెక్కలు



“నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదు” అనుకుందట వెనకటికో ముసలమ్మ. ఆ సామెత చెప్పుకుని అందరం నవ్వుకుంటాం. కాని ఆ ఇంట్లో ‘నావి’ అని ఆమె చెప్పుకోదగ్గవి ఆ రెండేనేమో, ఎవరైనా ఆలోచించారా?

కోడి పుట్టిల్లు అడవి. ఎర్ర అడవికోడే మన పెంపుడు కోడికి మూలమని చార్లెస్ డార్విన్ 1868లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. 2020లో శాస్త్రజ్ఞులు 863 కోళ్ళ జన్యువులను పోల్చి చూసి ఆ మాటను బలపరిచారు. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలు క్రీ.పూ. 1650–1250 మధ్య కాలానివి. కచ్చితంగా పెంపుడు కోళ్ళవని చెప్పదగిన వాటిలో ఇవే పాతవని 2022లో ప్రకటించారు. వరి, చిరుధాన్యాలు పండించేచోట రాలిన గింజల కోసం అడవికోళ్ళు చెట్లు దిగి మనిషికి మచ్చికయ్యాయని వారి అభిప్రాయం. దీంట్లో మన వాటా కూడా ఉందండోయ్! చాలా కోళ్ళకు కాళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి కదా, ఆ గుణం దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది.

మన చరిత్రలో పుంజుకు దక్కిన పేరు పెట్టకు దక్కలేదు. పల్నాటి కథ అనగానే నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం గుర్తుకొస్తుంది. పెట్ట సంగతి ఎవరూ రాయలేదు. గుడ్లమ్మిన చిల్లర పోపులపెట్టెలోకి చేరేది. పిల్లవాడి పలకకో, పుట్టింటి ప్రయాణానికో ఆ డబ్బే అక్కరకొచ్చేది. ఆ తర్వాత కోళ్ళఫారాలు వచ్చాయి. బి.వి. రావుగారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాక అవి మరీ పుంజుకున్నాయి. గుడ్డు అందరికీ అందింది, నిజమే. కాని పోపులపెట్టెలో చిల్లర మాత్రం తగ్గింది. పెరట్లో పెంచుకోవడానికి అనువైన వనరాజా, గ్రామప్రియ రకాలను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వారే తయారు చేశారు.

ఇక రెక్కల మాట. అడవికోడి రాత్రిళ్ళు కొమ్మ మీద నిద్రపోతుంది. మన పెట్ట కూడా పొద్దువాలగానే గోడ వైపో, జామచెట్టు వైపో చూసేది అందుకే. అది అల్లరి కాదు, పుట్టింటి అలవాటు. పక్కింటి వాళ్ళ పూలమొక్కలు పాడవుతాయనో, వీధికుక్కల నోట పడుతుందనో రెక్క కత్తిరించవలసి వస్తుంది.

కత్తిరించేది ఒక్క రెక్కకే. రెండూ సమానంగా కత్తిరిస్తే తంటాలుపడి అయినా ఎగురుతుంది. ఒకటే కత్తిరిస్తే తూకం తప్పి ఒక పక్కకి ఒరిగిపోతుంది. రెక్క విప్పి పట్టుకుంటే చివరన పది పొడుగాటి ఈకలు కనిపిస్తాయి. వాటిపైన కప్పినట్టుండే పొట్టి ఈకల అంచు దాటాక కత్తెర వేయాలి. ముదిరిన ఈక కాడ తెల్లగా, డొల్లగా ఉంటుంది. దాన్ని కత్తిరిస్తే మనం గోరు తీసుకున్నట్టే, నొప్పి ఉండదు. కాడ నల్లగా ఉంటే అందులో ఇంకా నెత్తురు పారుతోందన్నమాట. దాన్ని ముట్టుకోకండి. ఈకలు పీకడం అసలే వద్దు. ఏడాదికోసారి పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి, ఎగరడమూ మళ్ళీ వస్తుంది.

ఒక్క మాట మరిచిపోకండి. రెక్క తెగిన కోడి పిల్లి వచ్చినా, కుక్క వచ్చినా గోడెక్కి తప్పించుకోలేదు. కంచె ఎత్తు పెంచితే సరిపోయేటట్టయితే కత్తెర జోలికే వెళ్ళనక్కరలేదు. కత్తిరించక తప్పకపోతే, చీకటి పడకముందే కోడిని గూట్లో పెట్టి తలుపు వేయండి. లోపల తక్కువ ఎత్తులో ఒక కర్ర అడ్డంగా కట్టండి. కొమ్మ మీద పడుకునే అలవాటు మూడువేల ఏళ్ళు దాటినా పోలేదు కదండీ! దాని రెక్క మనం తీసుకున్నాం కనుక దాని కాపలా కూడా మనదే.