కాయలాన్ కడ తీసుకోని వస్తువులు



పోయిన నెల సమావేశంలో ఒక పెద్దాయన లేచి అడిగారు: "మన సంఘం పెళ్ళి సంబంధాలకూ, పిల్లల చదువులకూ పెట్టుకున్నది. హాలు మెట్ల కింద చెత్త డబ్బాలు పెట్టడం మన పనేనా?" అని. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాము. ఇంటికొచ్చి ఆలోచిస్తే, దీనికి ఒక చరిత్ర ఉంది కదా, అది రాస్తే సరిపోతుంది కదా అనిపించింది. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దండి, కోపగించుకోకండి.

మా చిన్నప్పుడు గుడియాత్తంలో ఇంటికి చెత్తబుట్ట అనే వస్తువే లేదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు. అరటాకు ఆవుకు పోయేది. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి. పేడ పిడకలకు, మిగిలింది ఎరువు గుంతకు. మన ఊరిని చిన్న శివకాశి అంటారు గదా, అగ్గిపెట్టెల పని ఇంటింటా జరిగేది. విరిగిన పుల్లలు పొయ్యి రాజేయడానికి పనికొచ్చేవి. లుంగీలు నేసే మగ్గాల దగ్గర తెగిన నూలు పోగులను కూడా ఎవరూ పారెయ్యరు. తర్వాత రైల్వేలో చేరినాక చూస్తే, షెడ్డులో ఇంజన్లు తుడవడానికి వాడే కాటన్ వేస్ట్ అలాంటి పోగులే! ఇంట్లో చూసిన పోగును ఉద్యోగంలో చూసి నవ్వుకున్నాము.

పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె నెత్తిన గంప పెట్టుకొని వచ్చేది. రెండు పట్టుచీరలకు ఒక డబ్బా ఇస్తానంటే, మా అమ్మ మూడు డబ్బాలు అడిగేది. మధ్యాహ్నమంతా ఆ బేరమే. ఇక పాత పేపర్లు, సీసాలు, ఇనుము అన్నీ కాయలాన్ కడకు. ఆ పేరు కాయల్‌పట్టణం వ్యాపారుల వల్ల వచ్చిందని పెద్దలు చెప్పేవారు. ఈ రోజు పుస్తకాల్లో రీసైక్లింగ్ అని పెద్ద మాటగా చెప్పేది ఆ తరాజు కడే.

మరి ఎక్కడ తేడా వచ్చింది? కాయలాన్ కడ వాడు "ఇది వద్దు" అన్న రోజున వచ్చింది.

పగిలిన ట్యూబులైటు వద్దన్నాడు. థర్మోకోల్ వద్దన్నాడు. మాత్రల పట్టీ వద్దన్నాడు. చిప్స్ కవరూ, షాంపూ శాషే చూసి నవ్వాడు. ఆ శాషే కూడా మన తమిళనాడు వస్తువే. కడలూరులో చిన్నికృష్ణన్ గారు 1970లలో ఆ ఆలోచన చేశారు. కూలి చేసుకునేవాళ్ళు కూడా చిల్లర డబ్బుతో షాంపూ కొనగలిగారు. అది మంచి సంగతే. కానీ ఇలాంటి కవర్లలో చాలావాటికి ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర అతుక్కొని ఉంటాయి. విడదీయడానికి అయ్యే ఖర్చు ఎక్కువ, వచ్చే ధర తక్కువ. మళ్ళీ వాడలేని వస్తువులంటే ఇవే. అసలు వాడలేమని కాదు, తూకం వేసి డబ్బిచ్చేవాడు లేడని అర్థం.

డబ్బు రాని వస్తువు వీధిలోకి పోయింది. వీధి నుంచి గౌండన్య ఏటిలోకి, ఏటి నుంచి పాలారులోకి. పారేస్తే పోతుందనుకున్నాము. పారేసింది ఎక్కడికీ పోదని మన జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పక్కరలేదు. తోలు కర్మాగారాల నీళ్ళు పాలారును ఏం చేశాయో చూసినవాళ్ళం. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశంలో చట్టమని ఆ తీర్పులోనే చెప్పారు. దేశమంతా లా కాలేజీల్లో మన వేలూరు పేరు ఇందుకే చదువుతారు. రాణిపేటలో 1990లలో మూతపడిన క్రోమియం కర్మాగారం పక్కన లక్ష టన్నులకు పైగా వ్యర్థం గుట్టగా మిగిలిపోయింది. కర్మాగారం పోయింది, గుట్ట పోలేదు.

ఇక మునిసిపాలిటీల సంగతి. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చాకే దేశం చెత్త వైపు తిరిగి చూసింది. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. దాని ఫలితంగా 2000లో మొదటిసారి పట్టణ చెత్తకు నియమాలు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకే మన తెలుగువాళ్ళ సూర్యాపేట వీధుల్లో చెత్తకుండీలు తీసేసి, ఇంటింటా తడి వేరు, పొడి వేరు తీసుకొని పేరు తెచ్చుకుంది. మన ఊరాయన వేలూరు శ్రీనివాసన్ గారు చెత్త అనకండి, వనరు అనండి అని ఊరూరా తిరిగి చెప్పారు. ఆయన పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌ దాకా పోయింది. అక్కడ మహిళా సంఘాలవాళ్ళే ఇల్లిల్లూ తిరిగి తీసుకొచ్చి, రకరకాలుగా విడదీసి అమ్ముతారు.

2016 నియమాల్లో ఒక మాట రాశారు, చాలామందికి తెలియదు. పాత పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, బల్బులు, బ్యాటరీలు, గడువు తీరిన మందులు, వాడిన సూదులు, ఇలాంటివి జనం తెచ్చి ఇవ్వడానికి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలని. అంటే మనం మెట్ల కింద పెట్టాలనుకున్న డబ్బా ఎవరి పిచ్చీ కాదు, చట్టంలో రాసిన ఆలోచనే. 2019 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం. 2021 డిసెంబరులో మళ్ళీ పసుపు సంచి అంటూ మీండుం మంజప్పై వచ్చింది. 2023 మేలో పట్టణాల్లో ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు తెరిచారు. సినిమా కాదండీ! తగ్గించడం, తిరిగి వాడడం, తిరిగి తయారుచేయడం. పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు అక్కడ ఇవ్వొచ్చన్నారు.

ఇప్పుడు మన కథ. కొత్త సభ్యులకు తెలియదు, పాతవాళ్ళు గుర్తుచేయరు. కొన్నేళ్ళ కిందట ఒకసారి డబ్బా పెట్టాము. పెట్టమని గట్టిగా వాదించినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. డబ్బా నిండితే ఎక్కడికి పంపాలో మాత్రం అడగలేదు. మొదటి వారం బ్యాటరీలు వచ్చాయి. రెండో వారం బిర్యానీ పొట్లాలు. మూడో వారం ఎవరో పసిపిల్లల డయపర్లు వేశారు. నాలుగో వారం హాలు ఊడ్చే అమ్మ డబ్బా సర్దబోతే, లోపల పగిలిన ట్యూబులైటు ఆమె అరచెయ్యి కోసింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి ఖర్చు సంఘం ఇచ్చింది, నిజమే. పదిరోజులు ఆమె ఇంట్లో వంట ఎవరు చేశారో మనం అడిగామా? మేము అడగలేదు. డబ్బా తీసేసి, ఆ విషయం మాట్లాడడం మానేశాము.

ముప్పై ఏళ్ళకు పైగా పార్సెల్ ఆఫీసులో పనిచేసినవాళ్ళం. చేరాల్సిన స్టేషను రాయని పార్సెల్‌ను ఒక్కరోజు కూడా తీసుకోలేదు. అలాంటిది సంఘం హాల్లో మాత్రం స్టేషను పేరు లేని పార్సెళ్ళు నెల రోజులు తీసుకున్నాము. తప్పు అక్కడుంది.

జపాన్‌లో కామికాట్సు అనే చిన్న ఊరు ఉంది. 2003లో చెత్తే లేని ఊరుగా మారతామని ప్రకటించుకున్నారు. ఇంటికి బండి రాదు. జనమే కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరుచేసి పెడతారు. ఒక్కో రకం ఎక్కడికి పోతుందో, అమ్మితే ఎంత వస్తుందో, ఎంత ఖర్చవుతుందో డబ్బా మీదే రాసి ఉంటుంది. 2020కి మొత్తం సాధించాలనుకున్నారు, 80 శాతం దగ్గరే ఆగారు. అయినా దాచుకోలేదు, మిగిలిన 20 ఎందుకు కాలేదో కూడా చెప్పారు. మనకు కావలసింది ఆ నిజాయితీ.

అందుకని మా మనవి ఇది. అన్ని రకాలు మనకొద్దు, మూడు చాలు. బ్యాటరీలు, పాత ఫోన్లు ఒకటి. బల్బులు, ట్యూబులైట్లు రెండు. కొత్తవి వచ్చిన అట్టలోనే చుట్టి తేవాలి. పాత ట్యూబులైట్లలో పాదరసం కొన్ని మిల్లీగ్రాములే అయినా ఊడ్చేవాళ్ళ ఊపిరిలోకి పోయేది అదే. ఉతికిన బట్టలు మూడు. చిప్స్ కవర్లు ఇప్పుడే వద్దు. అవి చాలాచోట్ల సిమెంటు బట్టీలో ఇంధనంగా కాలుస్తారు. కాల్చడాన్ని రీసైక్లింగ్ అని పిలిచి మనల్ని మనం మోసం చేసుకోవద్దు, కొనడం తగ్గిద్దాం. డబ్బా కొనే ముందే తీసుకొనేవాళ్ళతో కాగితం మీద మాట్లాడుకోవాలి. నెలకు ఒక ఆదివారం, రెండు గంటలు, ఒక సభ్యుడు కుర్చీ వేసుకొని కూర్చోవాలి. తూకం వేసి రిజిస్టరులో రాయాలి. ఊడ్చే అమ్మ ఆ డబ్బా ముట్టుకోకూడదు.

పెద్దాయన ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు. అయ్యా, మన అమ్మలు రెండు చీరలకు ఎన్ని డబ్బాలని మధ్యాహ్నమంతా బేరమాడినవాళ్ళు. వస్తువు ఇంటి గడప దాటేటప్పుడు ఎవరి చేతికి పోతుందో వాళ్ళకు తెలుసు. మనకు తెలియకుండా పోయింది. అది మళ్ళీ తెలుసుకోవడం సంఘం పనేనని మాకు అనిపిస్తోంది.

మొదటి ఆదివారం రిజిస్టరు మేము పట్టుకుంటాము. రెండో నెలకు ఎవరు వస్తారో కింద పేరు రాయండి. మీ ఇంట్లో పాత బట్టలకు వచ్చిన స్టీలు డబ్బా ఇంకా ఉంటే ఆ సంగతీ రాయండి, చదవాలని ఉంది.