జౌగడ శిలపై వైద్యధర్మము

గంజాము మండలమున ఋషికుల్యానదీ తీరమందలి పురుషోత్తంపూర్ చెంతనే జౌగడ యను ప్రాచీన దుర్గముయొక్క మట్టికట్టలు కలవు. ఆ కోటలోని శిలపై అశోకుని ధర్మశాసనములు చెక్కబడియున్నవి. 1850 లో వాల్టర్ ఎలియట్ దొర వీనికి ప్రతి వ్రాసికొనెను. 1936 వరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో నుండెను గావున తెలుగువారి చరిత్రయందును ఈ శిలకు పాలు గలదు.

అశోకుని ప్రధాన శిలాశాసనములు 14. అందు 11, 12, 13 సంఖ్యలు గలవి జౌగడలో లేవు. పదుమూడవదియే కళింగయుద్ధమును వర్ణించునది. లక్షన్నరమంది చెరగొనిపోబడిరనియు, లక్షమంది హతులైరనియు, అంతకు పలురెట్లు మరణించిరనియు అందు గలదు. హతులకంటె వేరుగా పేర్కొనబడిన ఈ మృతులలో అనేకులు క్షామమునకును వ్యాధులకును బలియైనవారని యూహింపవచ్చును. ఓడిన దేశమున ఈ లెక్కను చెక్కింపక, దానికి మారుగా, ప్రజలెల్లరును తన బిడ్డలవంటివారని సమాపానగర మహామాత్రులకు తెలుపు ప్రత్యేక శాసనములను అశోకుడు నిలిపెను.

రెండవ శాసనము మాత్రము ఇచ్చట కలదు. శిల కొంత శిథిలమైనను ఇతరస్థలముల పాఠములతో పోల్చి దాని భావమును గ్రహింపవచ్చును. తన రాజ్యమందంతటను, సరిహద్దులందలి చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్ర దేశములందును, తామ్రపర్ణియందును, యవనరాజగు అంతియోకుని రాజ్యమందును మనుష్య చికిత్స, పశు చికిత్స యని రెండు విధముల చికిత్సలను ఏర్పరచెనట. మనుష్యులకును పశువులకును ఉపయోగపడు ఓషధులును, మూలములును, ఫలములును లేని చోట్లకు వానిని తెప్పించి నాటించెనట. బాటలవెంట చెట్లు నాటించి బావులు త్రవ్వించెనట.

ఇందలి చికిత్స యను పదమునకు వైద్యశాలలని కొందరు పండితులు అర్థము చెప్పిరి. మూలమున శాల యను మాట లేదు. ఏ రోగమునకు ఏ మందో కూడ చెప్పబడలేదు. మందుమొక్క లేని చోటికి దానిని చేర్చుట రాజధర్మమని మాత్రము స్పష్టముగా నున్నది. భవనములకంటె ఇది చిన్న కార్యముగా తోచవచ్చును. రోగికి మాత్రము ఇదియే ముఖ్యము.

ఈ నదియే దిగువను గంజాము పట్టణముచెంత సముద్రమున కలియుచున్నది. జిల్లాకు ముఖ్యస్థానమైయుండిన ఆ పట్టణమున 1815 లో ఘోరజ్వరము ప్రబలి జనులనేకులు మడిసిరి. అధికారులు ముఖ్యస్థానమును బరంపురమునకు తరలించిరి. జ్వరములు చెడుగాలివలన పుట్టునని నమ్మిన కాలమది. దోమ కడుపున మలేరియా క్రిమిని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొనుటకు, అనగా 1897 కు, ఇంకను 82 ఏండ్లు గడువవలసియుండెను. కచేరీ తరలిపోయెను, తరలిపోజాలని పేదలకు ఆ ఊరే గతియయ్యెను. ఔషధమే రోగియున్న చోటికి పోవలెనను మాట మాత్రము అదే నదికి ఎగువను, రెండువేల ఏండ్లకు పూర్వమే శిలపై చెక్కబడియుండెను.