ఇంగ్లీషు వాక్యములో నియమము నిలుచు చోటు

ఒక పని ఎప్పుడు, ఎందుకు, ఏ నియమముపై జరుగునో తెలుపు చిన్న వాక్యమును ఇంగ్లీషు వ్యాకరణమున క్రియావిశేషణ ఉపవాక్యమందురు. ఇది బడిపిల్లల పాఠమని తోచవచ్చును గాని, మాటకు కట్టుబడిన వారందరికిని దీనితో పని గలదు.

మన యెఱిగిన కథనే తీసికొందము. కోడిపందెమున ఓడిన బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు రాజ్యమును విడిచి పోయిరి. గడువు తీరిన పిమ్మట భాగమడుగ వెళ్లిన అలరాజు విషప్రయోగమున మడిసెననియు, అంతట కారెంపూడిలో యుద్ధము జరిగెననియు కథ. "ఏడేండ్లు గడచినచో ఇత్తుము" అనుట ఒకటి. "ఏడేండ్లు గడచినను ఇయ్యము" అనుట మఱియొకటి. తెలుగున ఈ భేదమంతయు క్రియ చివర నున్నది. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి మొదటిదానిని చేదర్థకమనియు, రెండవదానిని అప్యర్థకమనియు పేర్కొనెను.

ఇంగ్లీషు పద్ధతి వేఱు. అందు "ఇఫ్", "ఆల్దో", "వెన్", "బికాజ్" అను విడిమాటలు ఉపవాక్యమునకు ముందు నిలుచును. ఉపవాక్యమునకు తన కర్తయు, తన పూర్ణక్రియయు ఉండును. నడికుడి జంక్షనులో బీబీనగరు దారి గుంటూరు–మాచర్ల దారితో కలసినట్లు, ఈ మాటయొద్ద ఉపవాక్యము ప్రధానవాక్యముతో కలియును. అది ముందు వచ్చినచో దాని తరువాత కామా పెట్టుదురు. వెనుక వచ్చినచో తఱచుగా పెట్టరు. మనము నియమమును ముందు చెప్పి మాటను పిదప ఇత్తుము. ఇంగ్లీషువారు మాటను ముందిచ్చి, నియమమును వెనుక చేర్చుటయు కలదు.

ఈ రెండు పద్ధతుల నడుమ నిలిచినవారు మన చరిత్రలో కలరు. దొరలకు దేశభాషలు నేర్పుటకై 1812లో చెన్నపట్టణమున సెంట్ జార్జి కోట కళాశాల వెలసెను. 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌను ఇంగ్లీషున తెలుగు వ్యాకరణములు ప్రకటించిరి. ఎదుటి దిక్కునుండి వచ్చినవాడు ఒంగోలు ప్రాంతపు వెన్నెలకంటి సుబ్బారావు. ఆయన 1815 మొదలు 1829 వఱకు చెన్నపట్టణపు సదరు అదాలతులో అనువాదకుడుగను, దుబాసీగను పనిచేసెను. ఇంగ్లీషున తాను వ్రాసికొన్న జీవితచరిత్ర 1873లో అచ్చయ్యెను. వాక్యమున మొదటి క్రియ వినబడినంతనే తెనిగించు దుబాసీకి, వెనుక రాబోవు "ఇఫ్" పెద్ద గండమని నేను తలంచెదను. "భూమి నీదే" యని చెప్పిన పిదప "అప్పు తీర్చినచో" అని వచ్చిన, విన్నవాని గుండె యేమగును?

కావున నా మనవి యొక్కటే. ఇంగ్లీషు దస్తావేజును చదివించుకొనునప్పుడు మొదటి క్రియకే తల యూపవలదు. "ఇఫ్" ఎక్కడ, "అంటిల్" ఎక్కడ అని అడుగుడు. "అన్‌లెస్" అను మాటను మఱింత జాగ్రత్తగా చూడుడు. అందు "కానియెడల" అను నిషేధము దాగియుండును. వాక్యము ముగిసిన పిమ్మటనే చేవ్రాలు చేయుడు.