దేవరగట్టు బన్ని ఉత్సవము

దేవరగట్టు బన్ని ఉత్సవము కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో, హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండపై వెలసిన మాళమల్లేశ్వరస్వామి సన్నిధిలో ప్రతి సంవత్సరము విజయదశమి రాత్రి జరిగే జాతర. స్వామివారి ఉత్సవమూర్తులు ఊరేగే సమయంలో కొన్ని గ్రామాల ప్రజలు ఒక జట్టుగా, మరికొన్ని గ్రామాల ప్రజలు వేరొక జట్టుగా చేరి కర్రలతో తలపడతారు. అందువలన పత్రికలలో దీనికి "కర్రల సమరం" అన్న పేరు స్థిరపడినది. పూర్వము ఈ కొండ అడవిలో సంచరించిన మణి, మల్లాసురుడు అనే రాక్షసులను పరమశివుడు సంహరించినందుకు గుర్తుగా ఈ ఉత్సవము జరుగుతున్నదని స్థలపురాణము చెబుతున్నది. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాల నుండియే గాక కర్ణాటకలోని బళ్లారి, సిరుగుప్ప ప్రాంతాల నుండి కూడా భక్తులు వేల సంఖ్యలో వస్తారు.

ప్రాంతము, పేరు

దేవరగట్టు ఆలూరు శాసనసభ నియోజకవర్గ పరిధిలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్నది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలో భాగముగా ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు అవి కర్నూలు జిల్లాలో చేరినవి. పాలన మారినా ఈ ప్రాంత ప్రజల మాటలోను, పండుగలలోను తెలుగు, కన్నడ సంప్రదాయాలు కలిసే ఉన్నాయి. ఉత్సవము పేరే అందుకు ఉదాహరణ. కన్నడంలో జమ్మిచెట్టును "బన్ని" అంటారు. ఊరేగింపు దారిలో శమీవృక్షము ఒక ముఖ్యమైన మజిలీ.

స్థలపురాణము

త్రేతాయుగంలో ఈ కొండ ప్రాంతము దట్టమైన అడవిగా ఉండేదని, ఇక్కడ తపస్సు చేసుకొనే మునులను మణి, మల్లాసురులు బాధించేవారని కథ. మునుల మొర విన్న శివుడు భైరవ రూపము ధరించి విజయదశమి నాడు రాక్షసులను సంహరించాడు. ప్రాణాలు విడిచే ముందు వారు తమకు ఏటా నరబలి కావాలని కోరారు. శివుడు అందుకు అంగీకరించక, సంవత్సరానికి ఒకసారి పిడికెడు మానవ రక్తము మాత్రము ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఊరేగింపు మార్గంలో రక్షపడి అని పిలువబడే చోట ఈ రక్త సమర్పణ నేటికీ జరుగుతుంది. సంప్రదాయ హక్కు గల వంశానికి చెందిన గొరవయ్య తన తొడ నుండి రక్తము తీసి అక్కడ సమర్పిస్తాడు.

కర్రలకు, దివిటీలకు స్థానికంగా మరొక వివరణ కూడా ఉన్నది. పూర్వము అడవిదారిలో రాత్రివేళ విగ్రహాలను తీసుకొని వెళ్లేటపుడు క్రూరమృగాల నుండి రక్షణ కొరకు జనము కర్రలు, దివిటీలు పట్టుకొని నడిచేవారని, కాలక్రమంలో అదియే ఆచారముగా మారినదని కొందరు చెబుతారు. ఒక కథలో రాక్షసులు, మరొక కథలో అడవిమృగాలు ఉన్నా, రెండింటిలోను కర్ర దేవుని కాపాడుటకే గాని తోటి మనిషిని కొట్టుటకు కాదు.

జట్లు, నియమాలు

నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల ప్రజలు ఒక పక్షముగా ఉండి ఉత్సవమూర్తులకు రక్షణ వలయముగా నిలుస్తారు. అరికెర, అరికెర తండా, సుళువాయి, ఎల్లార్తి, కురుకుంద, బిలేహాల్, విరుపాపురం మొదలగు గ్రామాల వారు రెండవ పక్షముగా వస్తారు. విగ్రహాలను దక్కించుకొనుటకు వీరు పోటీ పడతారని పత్రికలు వ్రాస్తుంటాయి. ఇది పోరు కాదని, స్వామి సంబరమని గ్రామస్థులు అంటారు.

ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల పెద్దలు, యువకులు ఒకచోట చేరి పాలు తాకి ప్రమాణము చేస్తారు. దీనిని "పాలబాస" అంటారు. తమలో కక్షలు ఉంచుకోక ఉత్సవాన్ని సాగిస్తామన్నది ఆ ప్రమాణ సారాంశము. కంకణము కట్టుకొన్నది మొదలు ఉత్సవము ముగిసే వరకు మద్యమాంసాలు ముట్టరాదని, పాదరక్షలు ధరించరాదని నియమము కలదు. తగిలిన దెబ్బలకు స్వామివారి బండారు, అనగా పసుపు, పూసుకొనుట ఆనవాయితీ.

కబడ్డీ వంటి జట్టు ఆటలలో వలె ఇందులో కూడా రెండు పక్షాలు, మధ్యలో ఒక లక్ష్యము ఉన్నాయి. కాని ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి లేదు, తీర్పరి లేడు, గెలుపు ఓటముల ప్రకటన ఉండదు. ఎవరు ఎంత దెబ్బ కొట్టవచ్చునో నిర్ణయించే నిబంధన కూడా లేదు. పాలబాస ఒక్కటే కట్టుబాటు.

ఊరేగింపు

దశమి నాటి అర్ధరాత్రి కొండపై గల ఆలయంలో మాళమ్మ, మల్లేశ్వరస్వామి కల్యాణము జరుగుతుంది. అనంతరము ఉత్సవమూర్తులను కొండ క్రిందికి తెస్తారు. అప్పటికే కర్రలు, దివిటీలతో వేచియున్న జనము "డుర్ర్... గోపరాక్" అని కేకలు వేస్తూ ముందుకు కదులుతారు. ఊరేగింపు ముళ్లబండ, పాదాలగట్టు, రక్షపడి, శమీవృక్షము మీదుగా సాగి తెల్లవారేసరికి ఎదురు బసవన్న గుడికి చేరుతుంది. అక్కడ రాబోయే సంవత్సరపు వర్షాలు, పంటలు, ధరల గురించి కార్ణీకము, అనగా భవిష్యవాణి, వినిపిస్తారు. వర్షాధార సేద్యము ఎక్కువగా గల ఈ ప్రాంతంలో రైతులు దీనిని శ్రద్ధగా వింటారు. తరువాతి రోజులలో రథోత్సవము, గొరవయ్యల ఆటలు, గొలుసు తెంపుట, కంకణ విసర్జన జరుగుతాయి.

గొరవయ్యలు

గొరవయ్యలు మాళమల్లేశ్వరుని సేవకు అంకితమైన భక్తులు. వీరిలో కురుబ కులస్థులు ఎక్కువ. నల్లని కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ ధరించి, డమరుకము, పిల్లనగ్రోవి వాయిస్తూ వీరు చేసే నృత్యము కర్నూలు జిల్లా జానపద కళలలో ప్రసిద్ధమైనది. కర్ణాటకలోని మైలార క్షేత్రంలో కూడా గొరవయ్య విల్లు ఎక్కి కార్ణీకము చెబుతాడు.

ఇతర ప్రాంతాలతో పోలిక

మణి, మల్లుల సంహార కథ దేవరగట్టుకు మాత్రమే పరిమితము కాదు. మహారాష్ట్రలోని జేజురిలో ఖండోబాగా, కర్ణాటకలో మైలారలింగనిగా, తెలంగాణలోని కొమురవెల్లి, ఐనవోలులలో మల్లన్నగా పూజలందుకొనే దైవముల పురాణాలలో దీనికి దగ్గరి కథలు ఉన్నాయి. ఈ దైవముల మధ్య గల సంబంధాన్ని జర్మన్ పండితుడు గుంతర్ సొంథైమర్ విస్తృతంగా పరిశీలించాడు. జేజురిలో ఈ విజయాన్ని మార్గశిర శుద్ధ షష్ఠి నాడు పసుపు చల్లుకొని జరుపుకొంటారు.

రెండు పక్షాలు తలపడే జాతరలు దేశంలో మరికొన్ని ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని పాంఢుర్ణాలో జామ్ నదికి ఇరువైపులా నిలిచి రాళ్లు రువ్వుకొనే గోట్‌మార్ జాతర జరుగుతుంది. ఉత్తరాఖండ్‌లోని దేవీధురాలో రాఖీ పౌర్ణమి నాడు నాలుగు వంశ కూటములు బగ్వాల్ ఆడతాయి. అక్కడ కూడా నరబలికి బదులుగా ఒక మనిషి రక్తమంత రక్తము చిందించుట అన్న కథయే మూలము. ఆ రాష్ట్ర హైకోర్టు ఆదేశము తరువాత 2013 నుండి అక్కడ రాళ్లకు బదులు పండ్లు, పూలు వాడే పద్ధతి ప్రవేశించినది.

గాయాలు, నివారణ ప్రయత్నాలు

దేవరగట్టులో ఏటా పదుల సంఖ్యలో జనము గాయపడుతున్నారు. కొన్ని సంవత్సరాలలో ప్రాణనష్టము కూడా జరిగినది. 2023లో ఉత్సవాన్ని చూచుటకు ఎక్కిన చెట్టు కొమ్మ విరిగి ప్రాణనష్టము సంభవించినది. 2025లో కనీసము ఇద్దరు మరణించగా సుమారు వంద మంది గాయపడ్డారు. కొవిడ్ కారణంగా 2020లో అధికారులు ఉత్సవాన్ని నిషేధించినా జనము గుమిగూడి కర్రలు ఆడారు.

చీకటిలో వేల కర్రలు ఒకేసారి లేచుట, కర్రలకు ఇనుప రింగులు తొడుగుట, నియమానికి విరుద్ధంగా మద్యము సేవించి వచ్చుట, నిప్పు దివిటీలు జనంపై పడుట ప్రమాదాలకు ముఖ్య కారణాలు. పోలీసులు ముందుగా గ్రామాలలో సభలు జరిపి, రింగుల కర్రలను స్వాధీనము చేసుకొని, మద్యాన్ని అరికట్టే చర్యలు చేపడుతున్నారు. నిఘా కెమెరాలు, డ్రోన్లు కూడా వాడుతున్నారు. కొండవద్దనే తాత్కాలిక వైద్యశిబిరము నెలకొల్పి, తీవ్రంగా గాయపడినవారిని ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు తరలిస్తారు.

తరతరాల ఆచారాన్ని ఆపరాదని భక్తులు, ప్రాణాలు పోయే ఆచారము కొనసాగరాదని మరికొందరు వాదిస్తారు. అయితే స్థలపురాణము ప్రకారము శివుడు రాక్షసులకు అనుమతించినది పిడికెడు రక్తమే. దానిని గొరవయ్య ఒక్కడే రక్షపడి వద్ద చెల్లిస్తున్నాడు. ఊరేగింపులో తగిలే దెబ్బలు ఆ మొక్కులో భాగము కావు.