సినిమాకు వెలుపలి పాట: తెలుగు శ్రోత అన్వేషణ

తెలుగువారికి సినిమా పాట తప్ప మరో పాట లేదనీ, ఇండీ సంగీతం, అంటే పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా కళాకారులే కూర్చుకొని విడుదల చేసుకొనే సంగీతం, యూట్యూబుతోనే ఇక్కడ మొదలైందనీ తరచుగా రాస్తుంటారు. ఆ లెక్కన, ఉదాహరణకు, ఆంధ్రలో తమిళనాడు సరిహద్దున ఉన్న పారిశ్రామిక పట్టణం శ్రీ సిటీలో 2013లో ట్రిపుల్ ఐటీ, ఆ తరువాత క్రియా విశ్వవిద్యాలయం వచ్చాకనే కొత్త పాటను వెతికే శ్రోత పుట్టి ఉండాలి. ఆ సీమ చరిత్ర ఇందుకు ఒప్పుకోదు.

గ్రామఫోను దశ అందరికీ తెలిసినదే. తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ (1942) చిత్రం కోసం రాసిన ‘మా తెలుగు తల్లికి’ గీతం ఆ సినిమాలో చేరక, టంగుటూరి సూర్యకుమారి గొంతులో రికార్డుగా జనంలోకి వెళ్లింది. అనంతర కాలపు రేడియో పైనే మరికొంత ఆలోచన అవసరం.

1952లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే చిన్నచూపు. ఆయన హయాంలో ఆకాశవాణిలో ఆ పాటలు తగ్గిపోగా శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారనీ, చివరకు 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వినిపించే వివిధ భారతిని ప్రారంభించక తప్పలేదనీ చరిత్రకారులు దీన్ని ఒక ఓటమి కథగా చెబుతారు. అది నిజమే గాని, సినిమా పాటకు బదులుగా ఆకాశవాణి పెంచి పోషించిన లలిత సంగీతం ఆ కథలో అడుగున పడిపోతుంది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారు స్వరపరచిన గీతాలు ఏ కథానాయకుడి పెదవుల కదలికతోనూ పని లేకుండా పుట్టినవి. వాటి కర్తలు చాలామంది ప్రభుత్వ జీతగాళ్లు, గాయకులు ఆడిషన్ గడప దాటి వచ్చినవారు కనుక ‘స్వతంత్రం’ అనే మాట వారికి పూర్తిగా అమరదు. ప్రధాన స్రవంతిని కాదనే ఆల్టర్నేటివ్ రాక్‌లోని ధిక్కారమూ ఆ గీతాల్లో లేదు. అయినా ‘ఈ మాసపు పాట’ వంటి కార్యక్రమాల ద్వారా ఒకే గీతాన్ని మళ్లీమళ్లీ వినిపించి, కొత్త పాటకు చెవిని అలవాటు చేసిన పద్ధతి రేడియోది. పైగా నేటి శ్రీ సిటీని ఆనుకొన్న సత్యవేడు ప్రాంతం 1960 దాకా మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలోది; 1938లో మొదలైన మద్రాసు కేంద్రం ఆ పల్లెలకు విజయవాడ కంటే ఎంతో దగ్గర. అక్కడి రేడియో సెట్టులో తెలుగు లలిత గీతమూ, దాని తమిళ రూపమైన మెల్లిసైయూ పక్కపక్కనే మోగేవి.

క్యాసెట్టు కాలంలో విప్లవ సాంస్కృతిక బృందం జన నాట్యమండలి ఉద్యమ గీతాలు, 2000 ప్రాంతంలో గాయని స్మిత పాప్ ఆల్బములు వేరువేరు దారుల్లో సినిమాను దాటాయి. తరువాత హైదరాబాదులో క్యాప్రీషియో, చౌరస్తా వంటి బ్యాండ్లు వచ్చాయి. చౌరస్తాతో పేరు తెచ్చుకొన్న రామ్ మిర్యాల 2021లో ‘జాతిరత్నాలు’ సినిమా పాటతో మరింత విస్తారమైన శ్రోతలను చేరడం గమనార్హం: బయటి గొంతుకు పేరు రాగానే సినిమా దాన్ని తనలోకి తీసుకొంటుంది.

2019లో పాటల స్ట్రీమింగ్ సేవ స్పాటిఫై భారతదేశానికి వచ్చాక వెతుకులాట సులువైందనే వాదన సగమే నిజం. వేగమైన గిటారు వరుసలకు తీపి బాణీని జోడించే పాప్ పంక్, 1994లో గ్రీన్ డే బ్యాండు ఆల్బము ‘డూకీ’తో ప్రపంచమంతా వ్యాపించినది, శ్రీ సిటీ హాస్టలు గదికి క్షణంలో చేరుతుంది, తెలుగులో ఆ శైలికి చెప్పుకోదగ్గ పరంపర మాత్రం ఏర్పడలేదు. శ్రోత విన్నదాన్ని బట్టి తరువాతి పాటను సూచించే అల్గారిథం అప్పటికే ఎక్కువమంది విన్నదాని వైపు మొగ్గుతుంది కాబట్టి, భాషగా తెలుగును ఎంచుకొన్నవారి ముందు మళ్లీ సినిమా పాటలే వరుస కడతాయి. పాటకు ముందు రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో రేడియో అనౌన్సరు చదివి వినిపించేవారు; ఇప్పుడు ఆ వివరం కావాలంటే శ్రోతే మెనూ తెరచి వెతుక్కోవాలి, కొత్త కవి పేరు అక్కడా లేకపోవడం అరుదు కాదు.