రైలుమార్గ చరిత్ర – పుస్తకము, పనిముట్టు

వెల్గటూరు ప్రాంతము అనాదిగా దారుల విలువ నెరిగినది. గోదావరి యొడ్డున గల కోటిలింగాలలో లభించిన శాతవాహనుల నాణెములు, రెండువేల సంవత్సరములకు పూర్వమే ఈ తీరమున క్రయవిక్రయములు సాగెనని చాటుచున్నవి. అట్టి ప్రాంతమునకు ఇనుపదారి మాత్రము మిక్కిలి ఆలస్యముగా చేరినది. ఆ ఆలస్యమునకు గల కథ గ్రంథాలయమున కూర్చుండి చదువదగినది. చదివినదానిని చేతితో చేసి చూచినచో మరింత బోధపడును.

భారతదేశమున ప్రయాణికుల రైలు మొదట 1853వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు నడచెను. ఆ దూరము 21 మైళ్లు. నిజాము రాజ్యమున 1874లో వాడినుండి సికింద్రాబాదువరకు మార్గము తెరువబడెను. బొంబాయి, మద్రాసుల నడుమ పోవు పెద్దమార్గముతో హైదరాబాదును కలుపుటయే దాని ప్రయోజనము. తెలంగాణపు లోపలి పల్లెలు ఆనాటి యోచనలో లేవు.

పిమ్మట 1883లో చాందా రైల్వే పథకము బయలుదేరెను. చాందా యనగా నేటి చంద్రపూరు. ఆ మార్గమును, బెజవాడ మార్గమును నిర్మించు పని లండనున స్థాపింపబడిన కంపెనీ కప్పగింపబడుచుండెను. ఆ కంపెనీ పెట్టుబడికి ఇరువది సంవత్సరములపాటు నూటికి 5 వంతున వడ్డీకి రాజ్యమే హామీ యుండవలెను. లాభము వచ్చిన కంపెనీది, నష్టము వచ్చిన ఖజానాది. ఖజానా యన్న, తుదకు రైతు చెల్లించు శిస్తే గదా!

ఈ సంగతిని హైదరాబాదులోని విద్యావంతులు గ్రహించిరి. వారిలో ముఖ్యుడు ఆచార్య అఘోరనాథ చటోపాధ్యాయుడు, సరోజినీదేవి తండ్రి. ఆయన ఎడింబరోలో రసాయనశాస్త్ర మభ్యసించిన పండితుడు. ప్రయోగములన్న ప్రీతిగలవాడు, రసవాదమునందును ఆయనకు మక్కువ యుండెను. ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలగువారును ఆయనతో కలిసిరి. పథకపు వివరములను ప్రజల యెదుట పెట్టవలెననియు, చర్చ జరిగినపిమ్మటనే నిర్ణయింపవలెననియు వారు కోరిరి. రైలు వద్దని వారనలేదు. ఒప్పందమును చదువనిండు అనిరి. అంతమాత్రమునకే అఘోరనాథుడు 1883లో నగరమునుండి బహిష్కరింపబడెను. కొంతకాలమునకు మరల రానిచ్చిరి. హైదరాబాదు రాజ్యమున ప్రజాభిప్రాయము తల యెత్తిన తొలి ఘట్టములలో నిది యొకటి. చదువుట యను హక్కుకై ఒక ఆచార్యుడు ఊరు విడువవలసివచ్చెనన్న మాట గ్రంథాలయ పాఠకులు మరువరానిది.

కంపెనీ తన పని సాగించెను. 1889లో రైలు బెజవాడ చేరెను. 1900లో మన్మాడు మార్గము పూర్తియయ్యెను. చాందా దిక్కునకు మాత్రము తొందర చూపలేదు. కాజీపేటనుండి పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాలల మీదుగా బల్లార్షాకు పోవు మార్గము 1920 దశాబ్ది చివరకుగాని పూర్తికాలేదు. పథకము పుట్టి అప్పటికి నలుబది యేండ్లు దాటినది. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీనుండి రైల్వేను కొనివేసెను. 1951లో అది మధ్య రైల్వేలో కలిసెను. 1966వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే యేర్పడెను.

ఆ మార్గము ఢిల్లీ, మద్రాసులను కలుపు రాజమార్గమైనను, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములవారికి రైలు దూరపుచుట్టమే. బండి కట్టియో బస్సెక్కియో పెద్దపల్లికిగాని, గోదావరి దాటి మంచిర్యాలకుగాని పోవలసియుండెను. పెద్దపల్లి, కరీంనగరు, జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు చేరు మార్గము 2017లో గాని సంపూర్ణము కాలేదు. సిరిసిల్ల నేతపనివారి గుడ్డకు రైలు ఇంకను అందలేదు. మనోహరాబాదునుండి కొత్తపల్లికి సిద్దిపేట, సిరిసిల్లల మీదుగా వేయు మార్గమునకు 2016లో శంకుస్థాపన జరిగినది. 2023లో సిద్దిపేటవరకు బండి వచ్చినది. తక్కిన పని సాగుచున్నది.

ఇది గ్రంథములు చెప్పు చరిత్ర. అందు కంపెనీలు, దివానులు, ఇంజనీర్లు కనబడుదురు. కమ్మరి, వడ్రంగి కనబడరు. కాని రైలుచక్రములోని విద్య మన ఊరి కొలిమికి క్రొత్త కాదు. బండిచక్రమునకు ఇనుపకట్టు వేయునప్పుడు కమ్మరి దానిని చక్రముకంటె రవ్వంత చిన్నదిగా చేయును. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చగా నది వ్యాకోచించును. పట్టుకారులతో చక్రమునకు తొడిగి నీరు పోయగా ముడుచుకొని బిగియును. ఆవిరియంత్రముల చక్రములకు ఉక్కుకట్టు తొడిగిన విధానమును ఇదియే. లాలాగూడ కర్మాగారమునకును, పల్లె కొలిమికిని పరిమాణమున భేదము, సూత్రమొక్కటే.

ఒక భేదము మాత్రము గమనింపదగినది. ఎడ్లబండి యిరుసుపై రెండు చక్రములు వేరువేరుగా తిరుగును. రైలుచక్రములు రెండును ఇరుసుతో బిగింపబడి కలిసి తిరుగును. అట్లయినచో మలుపులో బయటి పట్టాపై ఎక్కువ దూరము పోవలసిన చక్రము లోపలిదానితో ఎట్లు సరిపడును? పుస్తకమున పదిసార్లు చదివినను తెలియనిది రెండు కాగితపు గిన్నెలతో తెలియును. వాని మూతులు కలిపి అంటించి, సమాంతరముగా పెట్టిన రెండు కఱ్ఱలపై దొర్లింపుడు. ఒక ప్రక్కకు జరిగినను అది తనంతట నడిమికి వచ్చును. అడుగులు కలిపి అంటించి దొర్లించినచో ప్రక్కకు పోయి పడిపోవును. రైలుచక్రపు అంచు లోపలివైపున కొంచెము పెద్దదిగా, బయటికి సన్నగిలునట్లు చేయబడుట ఇందులకే. మలుపులో బయటి చక్రము తన పెద్ద చుట్టుకొలతపై దొర్లి ఎక్కువ దూరము గడచును.

నమూనా రైలు చేయువారికి చిన్న లెక్క యొకటి గలదు. మన పెద్ద పట్టాల నడిమి వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు, అనగా 66 అంగుళములు. పట్టాల నడుమ ఒక అంగుళము విడిచినచో తక్కినదంతయు 66వ వంతున చేసికొనవలెను. డెబ్బది అడుగుల పెట్టె పదమూడంగుళములకు కొంచెము తక్కువగును. 5 అడుగుల 6 అంగుళముల మనిషి సరిగా ఒక అంగుళమగును. ఇదే లెక్కన మీటరు పట్టాల వెడల్పు 15 మిల్లీమీటర్లు మాత్రమే. రెండును ప్రక్కప్రక్కన పేర్చినచో, పూర్వము సికింద్రాబాదున ఒక బండిలోని సరకు దింపి మఱియొక దానికెత్తిన కూలీల శ్రమ బాలురకు కంటికి కనబడును. దీనికి విలువైన సామగ్రి యేల? జొన్నబెండుతో, వెదురుపుల్లలతో బండ్లు చేయుట మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. ఆ చేతులకు కొలబద్ద నిచ్చిన చాలును.

నేడు ట్రాక్టర్లు వచ్చి ఎడ్లబండ్లు తగ్గినవి. బండిచక్రము కట్టగల చేతులును అరుదగుచున్నవి. 1977లో ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియము వెలసి పాత యంత్రములకు నీడ దొరికినది. పల్లె కొలిమికి అట్టి నీడ నీయగలది ఊరి గ్రంథాలయమే. చరిత్ర పుస్తకముల బీరువా ప్రక్కన చిన్న పనిబల్ల, కొలబద్ద, ఱంపము, సుత్తి యుంచి, వారమునకొక నాడు వృద్ధుడైన వడ్రంగిని పిలిచి పిల్లలచెంత కూర్చుండబెట్టినచో, ఆయన విద్య ఆయనతో అంతరింపదు. నూటనలుబది యేండ్లక్రిందట చదువనిండని అడిగినవారికి శిక్ష పడినది. నేడు అడుగకయే పుస్తకము మన చేతికందుచున్నది. దానిని తెరచుటయు, అందలి విషయమును చేతితో పరీక్షించుటయు ఈ తరమువారి పని.